‘క్యాన్సర్ కారకం’ అని రాస్తే చాలదు, ఎంత ఉందో కూడా రాయండి

సంపాదకులకు,

మాత్రల్లో నైట్రోసమైన్లు (తయారీలోనో నిల్వలోనో పుట్టే మలినాలు) బయటపడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా ‘క్యాన్సర్ కారకం’ అన్న మాట పెద్దక్షరాల్లో పడుతుంది. ఎంత ఉంది, ఎలా కొలిచారు అన్నవి మాత్రం కనబడవు. ఆ రెండూ తెలియకుండా భయపడాలో వద్దో చెప్పలేం.

ఈ వ్యవహారం 2018 జులైలో బీపీ మందు వల్సార్టాన్‌తో రచ్చకెక్కింది. చైనాలో ఓ ముడిమందు కంపెనీ తయారీ పద్ధతి మార్చి డీఎంఎఫ్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడింది. రియాక్షన్‌లో మిగిలిన అజైడ్ అనే రసాయనాన్ని తీసేయడానికి సోడియం నైట్రైట్ వేసింది. డీఎంఎఫ్ విరిగితే డైమిథైల్ అమీన్ వస్తుంది. ఆమ్లంలో నైట్రైట్ తగిలిందంటే అది ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ అవుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ చిక్కలేదంటే ఆశ్చర్యం లేదు. ప్యూరిటీకి మామూలుగా చేసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఇంత తక్కువ మోతాదు కనబడదు, మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తించే పరికరం) పెట్టి దానికోసమే వెతకాలి.

ఎన్‌డీఎంఏకు పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. ఇది గాల్లోంచి పుట్టిన అంకె కాదు. జీవితకాలం ఇస్తే సగం ఎలుకల్లో కణితులు రప్పించే మోతాదు రోజుకు కిలో బరువుకు 0.0959 మిల్లీగ్రాములు. దాన్ని 50,000తో భాగిస్తే లక్షలో ఒకరికి అదనపు ముప్పు అన్న స్థాయి వస్తుంది. 50 కిలోల మనిషికి లెక్కగడితే అదే 96. ఎలుకల పరీక్షలో ఒక్కో గుంపుకు 50 మగవి, 50 ఆడవి ఉంటాయి, రెండేళ్లు సాగుతుంది. ఆ కొద్ది ఎలుకల్లో లక్షలో ఒకటి అన్న ముప్పు ఎటూ తేలదు కాబట్టే, పెద్ద మోతాదులిచ్చి కిందికి లెక్కగడతారు.

కొలతలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2019లో ఎసిడిటీ మందు రానిటిడిన్ మాత్రలో లక్షల నానోగ్రాముల ఎన్‌డీఎంఏ ఉందని అమెరికాలో ఒక ప్రయివేటు ల్యాబ్ ప్రకటించింది. ఆ పద్ధతిలో శాంపిల్‌ను 130 డిగ్రీలకు వేడిచేస్తారు, ఆ వేడికి రానిటిడినే విరిగి ఎన్‌డీఎంఏ పుడుతుంది. వేడి చేయని ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతితో (ఇందులోనూ మాస్ స్పెక్ట్రోమీటరే వాడతారు) అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చూస్తే అంకె బాగా తగ్గింది. అయినా కొన్ని మాత్రల్లో పరిమితి దాటింది. నిల్వలో వేడికి ఇంకా పెరుగుతుందని తేలాక 2020 ఏప్రిల్‌లో ఆ మందును మార్కెట్ నుంచి తీసేయమంది. మన దగ్గర ఇప్పటికీ అమ్ముతున్నారు. మే నెలలో రేకుల షెడ్డులో పడి ఉండే కార్టన్ల సంగతి ఎవరు చూస్తున్నారు?

ఇక కంపెనీలు చూపించే ‘ఏమ్స్ నెగెటివ్’ రిపోర్టు, అంటే ఆ రసాయనం డీఎన్‌ఏలో మ్యుటేషన్లు తేలేదని బ్యాక్టీరియా పరీక్షలో తేలిందన్న కాగితం. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం లేనిదే పెరగలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియా రకాలకు రసాయనం తగిలించి, 37 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులుంచి, మ్యుటేషన్ వల్ల హిస్టిడిన్ లేకుండానే పెరిగిన కాలనీలు లెక్కపెడతారు. నైట్రోసమైన్లు కాలేయపు ఎంజైమ్‌లు మార్చాకే డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అందుకే ప్లేటులో ఎస్‌9 అనే కాలేయ సారం కలుపుతారు. ఇక్కడే తప్పుతుంది. 10 శాతం ఎలుక ఎస్‌9తో నేరుగా ప్లేటు పోస్తే ఎన్‌డీఎంఏ లాంటివి దొరక్కుండా జారిపోవచ్చు. డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో కరిగిస్తే ఆ ఎంజైమ్‌లే మందగిస్తాయి. నైట్రోసమైన్లకు ఎలుక ఎస్‌9, హ్యామ్‌స్టర్ ఎస్‌9 రెండింటితోనూ విడివిడిగా, 30 శాతం చొప్పున, 30 నిమిషాల ప్రీ-ఇంక్యుబేషన్‌తో (ప్లేటు పోసే ముందే కలిపి ఉంచి) చేయాలి. పరీక్ష పనిచేస్తోందో లేదో చూసేందుకు పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టిన నైట్రోసమైన్‌కు కాలనీలు పెరిగి తీరాలి. ఈ వివరాలు లేని నెగెటివ్ రిపోర్టును మేమైతే పక్కన పడేస్తాం.

రీకాల్ వార్త వేసేటప్పుడు బ్యాచ్ నంబర్లు, రోజువారీ మోతాదులో ఎన్ని నానోగ్రాములున్నాయి, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి తప్పక ఇవ్వండి. ఆ పక్కనే ఇంకో వాక్యం కూడా: బీపీ మాత్ర సొంతంగా మానేయొద్దు, డాక్టరును అడిగి వేరే బ్యాచ్‌కో వేరే మందుకో మారండి. అత్యధిక ఎన్‌డీఎంఏ ఉన్న వల్సార్టాన్‌ను రోజుకు 320 మిల్లీగ్రాముల చొప్పున 8,000 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒక క్యాన్సర్ కేసు రావచ్చని ఎఫ్‌డీఏ అంచనా వేసింది. మందు ఆపేస్తే పక్షవాతం అంత నెమ్మదిగా రాదు.

– ఔషధ నాణ్యతా పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరం, హైదరాబాద్