నాలుగు వేల పదముగ్గురు, ఒక్కరు: బ్రిటన్ రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

నమస్కారం.

ఇరాక్, సిరియాల్లో ఐసిస్ మీద బ్రిటన్ వాయుసేన దాడులు 2014 సెప్టెంబరులో మొదలయ్యాయి. ఆ దాడుల్లో ఎంతమంది సామాన్య పౌరులు చనిపోయారని ఎవరు అడిగినా మీ శాఖ ఒకే జవాబు చెబుతూ వచ్చింది. ఒక్కరు. 2018 మార్చి 26న తూర్పు సిరియాలో ముగ్గురు ఐసిస్ మనుషుల మీద రీపర్ డ్రోన్ దాడి చేస్తుండగా, ఆఖరి క్షణంలో ఒకాయన మోటార్ సైకిల్ మీద ఆ చోటికి వచ్చేశాడు. అదే ఏడాది మే 2న అప్పటి రక్షణ మంత్రి గావిన్ విలియమ్సన్ పార్లమెంటుకి ఆ సంగతి చెప్పి విచారం వ్యక్తం చేశారు. దాచకుండా చెప్పినందుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ అన్ని సంవత్సరాల బాంబుల్లో ఆ ఒక్కరే అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మీ శాఖ దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. సమాచార హక్కు కింద అడిగితే 2019లో బయటికొచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి 2019 జనవరి దాకా మీ విమానాలు, డ్రోన్ల దాడుల్లో చనిపోయిన శత్రువులు 4,013 మంది, గాయపడినవాళ్లు 302 మంది. వేలల్లో అని ఊరుకోకుండా చివరి ముగ్గురిదాకా లెక్క పెట్టారు. పైనుంచి తీసిన వీడియో చూసే కదా పెట్టింది! చచ్చినవాడు ఐసిస్ వాడని చెప్పడానికి ఆ వీడియో చాలినప్పుడు, పక్కింటి ముసలామె పోయిందేమో తెలుసుకోవడానికి మాత్రం ఎందుకు చాలడం లేదు?

నేనెవరినో చెప్పాలి. బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ని. నా పాస్‌పోర్ట్ ఇండియాదే. అయినా కామన్వెల్త్ పౌరుణ్ని కాబట్టి ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో నాకు ఓటుంది. ఈ సంగతి స్లౌలో, రీడింగ్‌లో, ఈస్ట్‌హామ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఓటు మాట ఎలా ఉన్నా, నెలనెలా జీతంలోంచి పన్ను మాత్రం అందరికీ కోత పడుతుంది. ఆ డబ్బుతో సైప్రస్‌లోని అక్రోతిరి స్థావరం నుంచి విమానం లేస్తే అందులో మాకూ భాగం ఉన్నట్టే. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మా ఎంపీ ద్వారా మీకు అందుతుంది.

ఐసిస్ మీద నాకు జాలి ఉందని మీ అధికారులు అనుకోనక్కర్లేదు. 2015 జూలైలో లిబియాలోని సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే ఇద్దరు తెలుగు అధ్యాపకులను ఎత్తుకుపోయారు. ఒకరిది ఆంధ్రప్రదేశ్, ఒకరిది తెలంగాణ. వాళ్లతోపాటు పట్టుకున్న ఇద్దరు కర్ణాటకవాళ్లను రెండు రోజుల్లో వదిలేశారు గానీ, వీళ్లు 2016 సెప్టెంబరు దాకా ఇల్లు చేరలేదు. ఏడాదికి పైగా ఆ రెండు కుటుంబాలు పడ్డ టెన్షన్ తెలుగు టీవీలు చూసిన ప్రతివాళ్లకీ తెలుసు. ఇరాక్‌లోని సింజార్ నుంచి యజీదీ మతస్థుల ఆడపిల్లల్ని ఎత్తుకెళ్లి సంతలో అమ్మిన గుంపు అది. దాన్ని బతిమాలి, అది ఆక్రమించిన ఇరాక్ నగరం మోసుల్ నుంచి పంపడం కుదిరేది కాదు. 2014 సెప్టెంబరు 26న ఇరాక్‌లో దాడులకూ, 2015 డిసెంబరు 2న పది గంటలు చర్చించాక 397 మంది అవునని, 223 మంది కాదని ఓటేయగా సిరియాలో దాడులకూ మీ పార్లమెంటు ఒప్పుకుంది. ఆ ఓట్లను నేనిప్పుడు తప్పుబట్టడం లేదు.

అయితే ఆ అధ్యాపకుల సంగతిలోనే ఇంకోటి ఉంది. వాళ్లింకా బందీలుగా ఉండగానే, 2016 ఆగస్టు 1 నుంచి సిర్తే మీద అమెరికా విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టాయి. ఐసిస్ చేతిలో ఉన్న మనిషి ఐసిస్ మనిషి కాడు. కానీ పదిహేను వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే కాపలావాడూ బందీ ఒకేలా కనిపిస్తారు. ఇది నా ఊహ కాదు. 2015 జనవరిలో అఫ్గాన్, పాకిస్తాన్ సరిహద్దులో అల్‌ఖైదా స్థావరమని అమెరికా డ్రోన్ కొట్టిన చోట ఒక అమెరికన్, ఒక ఇటాలియన్ బందీలుగా ఉన్నారు. ఇద్దరూ చనిపోయారు. అంతకుముందు వందల గంటలు నిఘా పెట్టినా లోపల బందీలున్నట్టు తెలియలేదని అధ్యక్షుడు ఒబామా తానే చెప్పారు. వందల గంటలు చూసీ సొంత దేశస్థుణ్ని గుర్తుపట్టలేకపోయిన కెమెరా, మోసుల్ పాతబస్తీలో గోడ వెనక ఉన్న పిల్లల్ని గుర్తుపడుతుందా?

మోసుల్‌లో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. 2016 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు ఇళ్లు వదిలి రావద్దని ఇరాక్ ప్రభుత్వం విమానాల్లోంచి కరపత్రాలు వేసింది. జనం ఇళ్లలోనే ఉండిపోయారు. బయటికి పోదామన్నవాళ్లను ఐసిస్ కాల్చింది. ఇళ్ల మధ్య గోడలకి కన్నాలు కొట్టి, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి తిరుగుతూ, మిద్దెల మీద తుపాకులు పెట్టుకుంది. కింద గదుల్లో కుటుంబాలు. 2017 మార్చి 17న పశ్చిమ మోసుల్ జదీదా పేటలో ఒక మిద్దె మీది ఇద్దరు తుపాకీవాళ్ల కోసం అమెరికా విమానం 500 పౌన్ల బాంబు ఒకటి వేసింది. ఇల్లంతా కూలింది. ఐసిస్ దాచిన పేలుడు సామగ్రి వల్లే అలా కూలిందని అమెరికా వాదించింది. వాదన ఎలా ఉన్నా కనీసం 105 మంది పౌరులు చనిపోయారని మాత్రం రెండు నెలల తర్వాత ఒప్పుకుంది.

మీ టైఫూన్, టోర్నడో యుద్ధ విమానాలు వేసిన పేవ్‌వే 4 బాంబు కూడా 500 పౌన్లదే. వేసింది ఆ ఊళ్లోనే, అవే ఇరుకు సందుల్లో. ఐసిస్ మీద అమెరికా నడిపిన దేశాల కూటమిలో అమెరికా తర్వాత ఎక్కువ దాడులు చేసింది మేమేనని మీ శాఖ గొప్పగా చెప్పుకుంటుంది కూడా. మొత్తం కూటమి తమ దాడుల్లో 1,400 మందికి పైగా పౌరులు పోయారని ఒప్పుకుంది. వైమానిక దాడుల్లో పోయిన పౌరులను లెక్కపెట్టే ఎయిర్‌వార్స్ అనే సంస్థ లెక్కలో తక్కువలో తక్కువ 8,000 పైనే. పెద్ద అంకెను పక్కన పెట్టి కూటమి సొంత అంకెనే తీసుకుందాం. 1,400 మందిలో రెండో స్థానంలో ఉన్న దేశం వాటా ఒక్కరా? మీ పైలట్లు జాగ్రత్త తీసుకోరని నేననడం లేదు. బాంబు కొంచెం ఆలస్యంగా పేలేలా పెట్టి దెబ్బ నేలలోకి పోయేలా చూస్తారనీ, జనం కనిపిస్తే దాడి మానుకుంటారనీ చదివాను, నమ్ముతాను. ఎంత జాగ్రత్తపడ్డా ఈ తేడా అంతుబట్టదు.

తేడా ఎక్కడ వచ్చిందో మీ శాఖ మాటల్లోనే దొరుకుతుంది. పౌరుల మరణం జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే అమెరికా దాన్ని లెక్కలో వేస్తుంది. మీకు మాత్రం గట్టి రుజువు కావాలి. ఆ రుజువు ఎవరు తేవాలి? మీవాళ్లు శిథిలాల దగ్గరికి వెళ్లి వెతకరు. బతికున్నవాళ్లతో మాట్లాడరు. మళ్లీ పైనుంచి తీసిన వీడియోనే చూస్తారు. కూలిన స్లాబు కింద ఎవరున్నారో ఆ వీడియోలో పడదు కదా. దొంగను నువ్వే పట్టుకొస్తే అప్పుడు కేసు రాస్తానని చెప్పే ఎస్సైల గురించి మా ఊళ్లలో అందరికీ తెలుసు. ఇదీ అదే తంతు. 2023లో గార్డియన్ పత్రిక, ఎయిర్‌వార్స్ కలిసి మోసుల్ వెళ్లి, బ్రిటన్ దాడులు జరిగిన చోట్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను వెతికి పట్టుకున్నారు. విలేకరులు చేరుకోగలిగిన ఇంటికి ఒక ప్రభుత్వం చేరుకోలేదంటే ఎలా ఒప్పుకోవాలి?

రుజువు కావాలనడం తప్పు కాదు. ఆ మాట మోసుల్ విషయంలోనే మా దేశమూ అంది. 2014 జూన్‌లో మోసుల్‌లో పనిచేసే 40 మంది భారతీయ కూలీలను ఐసిస్ పట్టుకుపోయింది. ఎక్కువమంది పంజాబువాళ్లు. తప్పించుకొచ్చిన ఒకతను మిగతా 39 మందినీ కాల్చేశారని చెప్పినా, రుజువు లేకుండా ఎవరినీ చనిపోయారని ప్రకటించనని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ దాదాపు నాలుగేళ్లు పట్టుబట్టారు. ఆమె మీద విమర్శలు వచ్చాయి. చివరికి వార్త పార్లమెంటులో చెప్పేదాకా మాకు చెప్పలేదని కుటుంబాలు కోప్పడ్డాయి, అందులో న్యాయం ఉంది. కానీ మోసుల్ ఐసిస్ చేతిలోంచి బయటపడగానే సహాయ మంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్లారు. బదూష్ దగ్గర ఒక మట్టి దిబ్బ కింద శవాలున్నాయని తెలిస్తే, నేల లోపల చూసే రాడార్ పెట్టించారు. తవ్వితే పొడవాటి జుట్టు, చేతి కడియాలు దొరికాయి. పంజాబు, హిమాచల్, బిహార్, బెంగాల్ నుంచి బంధువుల డీఎన్ఏ నమూనాలు బాగ్దాద్ పంపి ఒక్కొక్కరినీ పోల్చి చూశారు. 2018 మార్చి 20న రాజ్యసభలో ప్రకటన చేశారు. ఏప్రిల్ 2న 38 మంది అస్థికలు అమృత్‌సర్‌లో దిగాయి. 39వ వ్యక్తి డీఎన్ఏ పూర్తిగా కలవలేదని ఆయన పెట్టె అప్పటికి ఆపారు.

రుజువు అడిగినవాళ్లు అలా వెళ్లి తెచ్చుకున్నారు. బదూష్ మోసుల్‌కి దగ్గర్లోనే ఉంది. అక్కడ దిబ్బ తవ్వి ముప్పై ఎనిమిది మంది పేర్లు తేల్చడం ఇండియాకి చేతనైంది. బ్రిటన్ తన బాంబు పడ్డ ఇంటి చిరునామాకి మనిషిని పంపలేనంత పేద దేశం కాదు.

నెదర్లాండ్స్ సంగతి కూడా చెప్పాలి. 2015 జూన్ 2 అర్ధరాత్రి దాటాక ఇరాక్‌లోని హవీజాలో ఐసిస్ కారు బాంబులు తయారుచేసే చోటును డచ్ ఎఫ్-16 కొట్టింది. లోపలి సామగ్రి పేలి చుట్టుపక్కల వీధులు ఎగిరిపోయాయి. కనీసం 70 మంది చనిపోయారు. డచ్ ప్రభుత్వం నాలుగేళ్లకు పైగా నోరు విప్పలేదు. 2019 అక్టోబరులో వాళ్ల పత్రికలు, టీవీ బయటపెట్టాక నవంబరులో ఒప్పుకుంది. ఆ తర్వాత ఒక స్వతంత్ర కమిషన్ వేసింది. 2025 జనవరిలో వచ్చిన ఆ నివేదిక సొంత రక్షణ శాఖనే తప్పుపట్టింది. లక్ష్యం గురించి వేరే దేశం ఇచ్చిన సమాచారాన్ని తాము సరిచూసుకునే ఏర్పాటే లేకపోయిందని చెప్పింది. హవీజాకి ఇచ్చిన డబ్బు ఊరి పనులకే వెళ్లింది గానీ, అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లకు నేరుగా అందలేదు. కాబట్టి అదేమీ ఆదర్శం కాదు. అయినా హవీజా పేరు డచ్ పార్లమెంటు రికార్డుల్లో ఉంది. మీ శాఖ ఒప్పుకున్నదాంట్లో మోసుల్ వీధి ఒక్కటైనా లేదు.

ఇదంతా మీకు ఎవరూ చెప్పని విషయమూ కాదు. 2003 ఇరాక్ యుద్ధం మీద సర్ జాన్ చిల్కాట్ విచారణ నివేదిక 2016 జూలైలో వచ్చింది. సైనిక చర్యల వల్ల పౌరులకు ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి చేతనైనంత ప్రయత్నం చేయడం ప్రభుత్వం బాధ్యత అని, అప్పట్లో ఆ ప్రయత్నం చాలలేదని అందులో రాసింది. నివేదికను అన్ని పార్టీలూ పొగిడాయి. మూడు నెలలకు మోసుల్ యుద్ధం మొదలైంది. 2021లో మాత్రం విదేశాల్లో సైనిక చర్యల మీద పరిహారం అడగడానికి చాలావరకు ఆరేళ్లే గడువంటూ చట్టం తెచ్చారు. 2017లో ఇల్లు కూలిన మోసుల్ మనిషికి ఆ ఆరేళ్లు 2023తో అయిపోయాయి. తన మీద పడ్డ బాంబు ఏ దేశానిదో కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరి మీద దావా వేస్తాడు? కూటమిలో ఏ దాడి ఎవరు చేశారో చెప్పకుండా ఉండటం ఇంత అందంగా కలిసొచ్చింది.

అందుకే నేను అడిగేది పెద్దది కాదు. మోసుల్‌లో, సిరియాలోని రఖ్ఖాలో మీ విమానాలు చేసిన ప్రతి దాడికీ తేదీ, గంట, చోటు, వాడిన ఆయుధం మీ దగ్గర రాసిపెట్టి ఉన్నాయి. ఆ పట్టీ బయటపెట్టండి. యుద్ధం ముగిసి ఏళ్లు గడిచిన ఊళ్లలో దానివల్ల ఏ పైలట్‌కీ ప్రమాదం లేదు. ఆ పట్టీలోంచి ఒక చోటు ఎంచుకుని, ఒక అధికారినీ ఒక అనువాదకుణ్నీ అక్కడికి పంపండి. గట్టి రుజువు అన్న షరతు తీసేసి అమెరికా కొలతే పెట్టుకోండి. వచ్చిన అంకె పార్లమెంటులో చెప్పండి. అంకె చిన్నదే అయితే మంచిదే, నాకేమీ కష్టం లేదు. పెద్దదైతే ఆ కుటుంబాలకు ఆరేళ్ల గడువు అడ్డం రాకుండా పరిహారం ఇచ్చే దారి మీ న్యాయ సలహాదారులు వెతకగలరు. వాళ్ల తెలివి మీద నాకు అనుమానం లేదు.

ఇవన్నీ వెంటనే కుదరవంటే, ఒక్క ప్రశ్నకు మా ఎంపీకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. 2014 నుంచి ఇప్పటిదాకా, మీ బాంబు పడ్డ చోట బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడటానికి మీ శాఖ మనిషి ఎన్నిసార్లు వెళ్లారు?

ఇట్లు,
మీ ఓటర్లలో ఒక తెలుగువాడు