యాత్ర ఫొటోలు హిమానీనదానికి సాక్ష్యం కావాలంటే

సంపాదకులకు,

చార్‌ధామ్ యాత్రకు, అక్కడి నుంచి గోముఖ్‌కు, అంటే గంగోత్రి హిమానీనదం (కొండల్లో మెల్లగా జారే మంచునది) ముగిసే మూతి దగ్గరికి, వెళ్ళొచ్చే విశాఖవాసులు చాలామందే ఉన్నారు. పాత ఆల్బమ్‌లోని గోముఖ్ ఫొటోనూ ఇప్పటి ఫొటోనూ పక్కపక్కన పెట్టి, ‘మంచు ఎంత తరిగిపోయిందో చూడండి’ అని వాట్సాప్‌లో పంచుకుంటున్నారు. ఆ బెంగ న్యాయమైనదే. గంగోత్రి హిమానీనదం మూతిని 1935లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఆడెన్ కొలిచి పటం గీశారు. అప్పటి నుంచి అది కిలోమీటరుకు పైగానే వెనక్కి జరిగింది. కానీ మనవాళ్ళు జతచేసే ఫొటోల్లో చాలావాటితో ఈ సంగతి రుజువు కాదు. ఒకటి మే నెలలో తీసింది, రెండోది అక్టోబరులో తీసింది అయితే ఆ తేడా ఋతువుది.

మేలో చలికాలపు మంచు ఇంకా లోయంతా పరుచుకుని ఉంటుంది. దాని కింద హిమానీనదం అంచు ఎక్కడుందో కంటికి ఆనదు. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా పాత మంచు కరిగిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా పడదు. ఫొటో తీయాల్సింది అప్పుడే. దీపావళి మర్నాడు గంగోత్రి గుడి మూస్తారు కాబట్టి ఆ లోపే వెళ్ళి రావాలి.

ఎక్కడ నిలబడి తీశారన్నది అంతకన్నా ముఖ్యం. హిమానీనదం మీదున్న బండరాయి దానితోపాటే కదులుతుంది. హిమానీనదం తోసుకొచ్చి పక్కన పోసిన రాళ్ళకట్టలు వానకు జారిపోతాయి. అందుకని చెట్టూ గడ్డీ పట్టిన గట్టి నేల మీదో, కొండలో భాగమైన రాతి మీదో నిలబడాలి. గోముఖ్ దారిలో బస చేసే భోజ్‌బాసా వైపు అలాంటి చోట్లు దొరుకుతాయి. పాత ఫొటో తీసిన చోటును వెతకడానికి ఓ పద్ధతి ఉంది. ఆ ఫొటోలో దగ్గరి రాయి ఏదైనా దూరపు శిఖరంలోని ఒక మూలకు సూటిగా వచ్చిందేమో చూసుకోవాలి. గోముఖ్ నేపథ్యంలో భాగీరథి శిఖరాలు ఇందుకు బాగా పనికొస్తాయి. అలాంటి జతలు రెండు దొరికితే, ఆ రెండూ ఒకేసారి సరిపడే దాకా అటూ ఇటూ జరుగుతూ పోతే అదే చోటికి చేరతాం. ఫోను జీపీఎస్‌ను మాత్రమే నమ్మితే ఇరుకు లోయలో ఐదు పది మీటర్ల తప్పు మామూలు. మూతి వెనక్కి జరిగేది సగటున ఏడాదికి 20 మీటర్ల లోపే. కనుక నిరుటి ఫొటోతో పోల్చి ఏమీ తేల్చలేం, కనీసం ఐదేళ్ళ ఎడం కావాలి.

జూమ్ వాడకూడదు. ఫోనులోని 0.5 లెన్సు అంచులను సాగదీస్తుంది కాబట్టి అదీ వద్దు. 1ఎక్స్‌లో, ఫోను అడ్డంగా పట్టుకుని, శిఖరాలు పూర్తిగా వచ్చేలా తీయాలి. పొద్దున్నే ఎదురెండ, మధ్యాహ్నం దాటితే మబ్బు. 11 గంటల ప్రాంతం మేలు. చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, తీసే దాకా ఫోను లోపలి జేబులోనే ఉంచుకోవాలి. మూతిలో నది బయటికొచ్చే మంచుగుహ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. పైనుంచి మంచుపెళ్ళలు, రాళ్ళు చెప్పకుండా పడతాయి.

తెల్లటి మంచుగోడ కోసం వెళ్ళినవారికి అక్కడ బూడిదరంగు రాళ్ళగుట్ట కనిపిస్తుంది. మంచు ఆ రాళ్ళ కిందే ఉంది. పలచటి దుమ్ము ఎండను పీల్చి మంచును త్వరగా కరిగిస్తుంది, మందపాటి రాళ్ళపొర ఎండ తగలకుండా కాపాడుతుంది. అందుకే మూతి నెమ్మదిగా జరుగుతున్నా, పైన దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న హిమానీనదం సన్నబడుతూనే ఉంటుంది. ఒకప్పుడు దీనిలో కలిసే రక్తవర్ణ, చతురంగి హిమానీనదాలు ఇప్పుడు విడిపోయాయి. మూతి ఒక్కటే చూసి ‘పెద్దగా తగ్గలేదే’ అనుకోవడమూ పొరపాటే. వీలైతే రెండు పక్కలా నిలువుగా ఉన్న రాళ్ళకట్టలనూ ఫొటోలో పట్టాలి. ఒకప్పుడు మంచు ఎంత ఎత్తున ఉండేదో చెప్పేవి అవే.

గంగోత్రి నుంచి గోముఖ్ 18 కిలోమీటర్ల నడక. అటవీశాఖ రోజుకు 150 మందికే అనుమతిస్తుంది. సముద్రమట్టం నుంచి బయలుదేరే మనకు గంగోత్రే 3,100 మీటర్లు, గోముఖ్ దాదాపు 4,000. హర్సిల్‌లో ఒక రాత్రి, గంగోత్రిలో రెండు రాత్రులు ఆగి ఒంటికి అలవాటు చేయకపోతే భోజ్‌బాసాలో తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. అవి మొదలైతే పైకి కాదు, కిందికి నడవాలి.

ఇక్కడి సంగతి కూడా. మంచు కరిగితే గోదావరి ఎండుతుందన్న మాట వింటున్నాం. గోదావరి, కృష్ణ వాననీటి నదులు. మనకు తగిలేది సముద్రం వైపు నుంచి. ప్రపంచ సముద్రమట్టం ఇప్పుడు ఏడాదికి నాలుగు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది, అందులో సుమారు ఐదో వంతు కొండల్లోని హిమానీనదాల నీరు. అలాగని ఆర్కే బీచ్ కోతనంతా మంచు ఖాతాలో వేయడం సరికాదు. దక్షిణం నుంచి తీరం వెంట రావాల్సిన ఇసుకకు ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాతిగట్లు) అడ్డుపడడమే అక్కడ ప్రధాన కారణం. ఏ నష్టానికి ఏది కారణమో విడదీసి చెప్తేనే మన మాట నిలుస్తుంది.

కెనడాలోని అథబాస్కా హిమానీనదం దగ్గర ఏ ఏట మంచు ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పాతారు. ఫ్రాన్సులోని మెర్ ద గ్లాస్ హిమానీనదంలోకి దిగే మెట్ల పక్కన పాత మట్టాలు గుర్తుపెట్టారు. సామాన్య యాత్రికుడికి అర్థమయ్యే లెక్క అది. మన దగ్గర ఆ పని ఇళ్ళలోని ఆల్బమ్‌లతో మొదలుపెట్టవచ్చు. మీ పత్రిక విశాఖ పాఠకుల నుంచి పాత గోముఖ్ ఫొటోలను, ఉత్తరాఖండ్‌లోని మరో హిమానీనదం పిండారీ ఫొటోలను అడిగి తీసుకోవాలని మనవి. ప్రతి ఫొటో వెనుక నెల, సంవత్సరం, నిలబడిన చోటు రాయించండి. తేదీ తెలియకపోతే ‘తెలియదు’ అని రాసినా ఫరవాలేదు, ఊహించి రాస్తేనే ప్రమాదం. కొత్త ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. లేకపోతే ఫొటో కుదించుకుపోతుంది, అందులోని తేదీ, స్థలం వివరాలు చెరిగిపోతాయి.

— ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం