విషయం: టికెట్‌లో కలిపేసిన గ్రీన్ ఫీజు 1,860 రూపాయల లెక్క చెప్పాలని

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. పోయిన నెల మీ విమానంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. టికెట్ బుక్ చేసేటప్పుడు చివరి పేజీలో "పర్యావరణం కోసం" అనే బాక్సులో మీరే ముందుగా టిక్ పెట్టి ఉంచారు, మా అల్లుడు తొందరలో చూసుకోలేదు, 1,860 రూపాయలు కట్ అయ్యాయి. అడక్కుండా బిల్లులో ఇలా చొప్పించడం కుదరదని 2023 నవంబర్‌లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. సరే, డబ్బు పోయిందని ఏడవడం లేదు, అది ఏమైందో చెప్పమంటున్నాను.

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మా దగ్గర కేఎంపీఎల్ బోర్డు ఉండేది, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో డ్రైవర్ పేరు పక్కనే రాసేవాళ్లం. 5.2 రావలసిన బండికి 4.8 వస్తే డ్రైవర్‌ని పిలిచి అడిగేవాళ్లు, అతను "ఇంజెక్టర్లు చూడండి సార్, నన్నంటారేం" అనేవాడు. బస్టాండులో ఇంజన్ ఆపకుండా టీకి దిగాడంటే మర్నాడు మెమో.

ఇక శంషాబాద్‌లో చూసింది చెప్తాను. బోర్డింగ్ లేటయింది, గేటు దగ్గర అద్దాల పక్కన కూర్చున్నాను, ఎదురుగా మీ బోయింగ్ 777. తోక చివరుండే చిన్న ఇంజన్, అదే ఏపీయూ, నడుస్తూనే ఉంది. దాని వెనక వేడికి గాలి నీళ్లలా వణుకుతోంది. ఏరోబ్రిడ్జి కింద కరెంటు కేబులేమో కొక్కేనికి వేలాడుతోంది, విమానంలోకి చల్లగాలి పంపే పసుపు గొట్టం చుట్ట చుట్టి పక్కన పడి ఉంది. ఆ రెండూ తగిలిస్తే బయలుదేరే ముందు దాకా ఏపీయూతో పనే లేదు కదా! నా వాచీ ప్రకారం గంటా పది నిమిషాలు అలాగే నడిచింది. అంత పెద్ద విమానంలో ఆ చిన్నదే గంటకు 200 కిలోలకు పైగా ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది (గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది, లెక్క తప్పలేదు). అంటే గేటు దాటకముందే 700 కిలోల పైమాట. కేబుల్ పాడైందా, ఎయిర్‌పోర్టు వాళ్లు తగిలించలేదా? అయితే ఆ మాటే రాయండి.

లోపలికి వెళ్లాక సీటు ముందు తెర మీద ఆకుపచ్చ ఆకు ఎగిరే వీడియో వేశారు. జ్యూస్‌లోకి కాగితం స్ట్రా ఇచ్చారు, రెండో గుక్కకే నానిపోయింది.

మీ వెబ్‌సైట్‌లో ఈ ఫీజు "ఎస్‌ఏఎఫ్ కొనుగోలుకు, ఇతర ప్రాజెక్టులకు" అని ఉంది, దేనికెంతో లేదు. ఎస్‌ఏఎఫ్ అంటే బజ్జీలు వేయగా మిగిలిన నూనె లాంటి వాటితో కూడా చేసే ఇంధనం, మామూలు దానికంటే బాగా ఖరీదు, ఇప్పటికైతే సగం దాకానే కలపనిస్తారు. పూర్తిగా దానితోనే 2023 నవంబర్ 28న వర్జిన్ అట్లాంటిక్ కంపెనీ బోయింగ్ 787 విమానం లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లింది, అదీ ప్రత్యేక అనుమతితో, టికెట్ కొన్న ప్రయాణికులెవరూ లేకుండా. మన దేశంలో అంతర్జాతీయ విమానాలకు 2027కి పెట్టుకున్న లక్ష్యమే 1 శాతం. కాబట్టి నా డబ్బుతో ట్యాంకర్ కొన్నారనుకోను. ఎన్ని లీటర్లు కొన్నారు, ఏ ఎయిర్‌పోర్టులో ఏ నెలలో పోశారు, ఆ కాగితం చూపిస్తే చాలు.

కొత్త విమానాలు ఎందుకు వేయలేదని అడగను. ఏ350 పాత తరం విమానాల కంటే 25 శాతం తక్కువ ఇంధనం తాగుతుందని ఎయిర్‌బస్ చెప్తుంది, కానీ ఆర్డరిచ్చినవి ఏళ్ల తరబడి రావడం లేదని నేనూ పేపర్లో చదువుతున్నాను. ఉన్న బండిని పొదుపుగా నడపడానికి మాత్రం ఎవరి కోసం ఆగాలి? ఇంజన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్‌కి పట్టిన మురికిని నీళ్లతో కడిగితే ఇంధనం కలిసొస్తుందని, దిగాక ఒక ఇంజన్ ఆపేసి గేటు దాకా రావచ్చని మీ ఇంజనీర్లకు నాకంటే బాగా తెలుసు. నేను వెళ్లిన విమానానికి ఇవి చేస్తున్నారా లేదా?

ఇదంతా ఇంతకుముందు మెయిల్‌లో రాస్తే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, స్టార్లు ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది, మనిషి మాత్రం మాట్లాడలేదు. ఈసారి మనిషితోనే రాయించండి. నెలలోపు ఫీజు లెక్కయినా పంపండి, 1,860 అయినా వెనక్కి వేయండి, లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, గేటు దగ్గర తీసిన రెండు ఫోటోలు జత చేశాను, రెండో దాంట్లో కేబుల్ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇట్లు,
మీ ప్రయాణికుడు