కోతి సంగతి సరే, దేవుడి సంగతి?

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటావు, రాత్రి పడుకునేముందు ఆదిమానవుల శిలాజాల గురించి చదువుతావు, రెంటిలో ఏది నాటకం?" అని అడిగావు. ఇంకెవరైనా అనుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అడిగింది నువ్వు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టు.

మనిషి కోతి నుంచి వచ్చాడంటారే, ఆ సంగతి ముందు తేల్చేద్దాం. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. చింపాంజీకీ గొరిల్లాకీ 24 జతల క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, ఉంటే మనకు 23. ఆ ఒక్క జతా ఎక్కడికీ పోలేదు. పాతవి రెండు కొసాకొసా అతుక్కుని మన రెండో క్రోమోజోము అయ్యాయి. మామూలుగా కొసల్లో ఉండే డీఎన్ఏ వరస దాని నడిమధ్యన కనిపిస్తుంది. ఆ అతుకును 1991లో పట్టుకున్నారు. ఇంకోటి విను. చాలా జంతువులు విటమిన్ సి ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనకూ ఆ జన్యువు ఉంది, కానీ చెడిపోయి ఉంది. చింపాంజీలోనూ అలాగే చెడిపోయింది. గినీ పందిలోనూ చెడింది గానీ, చెడిన తీరు వేరు. విడివిడిగా సృష్టించిన దేవుడు ఒకేలా పాడైన జన్యువును మనకూ చింపాంజీకీ ఎందుకు పెడతాడు చెప్పు?

అందుకే పరిణామం మాటెత్తగానే "అది ఉత్త సిద్ధాంతమే కదా" అనేవాళ్లతో నాకు పడదు. "ఇదంతా మా గ్రంథంలో ఎప్పుడో రాసుంది" అనేవాళ్లతో అసలే పడదు. వాళ్లు గ్రంథాన్ని తీసుకెళ్లి సైన్సు గుమ్మంలో సర్టిఫికెట్ కోసం నిలబెడతారు. ఇంకా తేలనిదంతా దేవుడి ఖాతాలో వేసేవాళ్లూ ఉన్నారు. ఏ కొత్త ఎముకో దొరికిన ప్రతిసారీ పాపం ఆయన కొంత వెనక్కి జరగాలి!

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. మొదటి మనిషి ఎవరు? ఆ గీత ఎక్కడా లేదు. ఏ తల్లీ తన జాతి కాని బిడ్డను కనలేదు, అయినా జాతి మారిపోయింది. 1950లో పోప్ పన్నెండో పయస్, శరీరం పరిణామంలో వచ్చిందేమో పరిశోధించుకోవచ్చు గానీ ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడు అన్నాడు. బాగానే ఉంది, కానీ ఏ తరం నుంచి? మనకు దగ్గరి చుట్టాలైన ఆదిమానవులు, నియాండర్తాల్‌లు, సుమారు 40 వేల ఏళ్ల కిందట అంతరించిపోయారు. వాళ్ల డీఎన్ఏ కొంత ఇవాళ్టికీ మనుషుల్లో ఉంది. వాళ్ల మొర ఎవరు విన్నారు? రాత్రుళ్లు ఇదే ఆలోచిస్తుంటాను.

దానికంటే గట్టి ప్రశ్న డార్విన్‌దే. ఆయన పదేళ్ల కూతురు ఆనీ 1851లో చనిపోయింది. 1860లో ఆసా గ్రే అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాస్తూ, బతికున్న గొంగళిపురుగు ఒంట్లో చేరి దాన్ని తినే కందిరీగలను దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే నమ్మలేకపోతున్నాను అన్నాడు. గ్రే గట్టి క్రైస్తవుడు, అమెరికాలో డార్విన్ తరఫున వాదించిందీ ఆయనే. డార్విన్ బాధకు నా దగ్గరా జవాబు లేదురా. ఎన్ని జీవులు రాలిపోతే మనం మిగిలామో తలుచుకుంటే "అంతా మన మంచికే" అనడానికి నోరు రాదు.

మరి దండం దేనికంటావా? ఈ లోకం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి కాదు. దానికి పుస్తకాలున్నాయి. నా భయమూ, కృతజ్ఞతా ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేను. ఆ అలవాటు కూడా పరిణామంలోనే వచ్చిందంటావు, తెలుసు. వచ్చి ఉండొచ్చు. లెక్కలు చేసే బుద్ధీ అలాగే వచ్చింది, అంతమాత్రాన లెక్కలు అబద్ధం కాలేదుగా. ఇది దేవుడున్నాడనడానికి రుజువు కాదు, ఆ మాట నువ్వు అనేలోపే నేనే అంటున్నా.

అమ్మాయి ఇవే అడుగుతోంది, ఏం చెప్పాలి అన్నావు కదా. క్రోమోజోముల అతుకు సంగతి బొమ్మ గీసి చూపించు, సరదా పడుతుంది. దేవుడి గురించి మాత్రం నా మాటలు అప్పజెప్పకు. నువ్వు నమ్మనివాడివి, నువ్వు ఎందుకు నమ్మవో అదే చెప్పు. ఇంకా అడిగితే నాకు ఫోన్ చేయమను.

నీ
నాటకాలరాయుడు