ట్రాములో రెండో పెట్టె

రాజమండ్రి,
ఆదివారం పొద్దున్న

చి.ల.సౌ. అమ్ములుకి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటనుకుంటావు. ఫోన్లో నువ్వు "బానే ఉన్నామమ్మా, మళ్ళీ చేస్తా" అనేసరికి నా నోటి చివర ఉన్న మాట కాస్తా లోపలికి పోతోంది. అలా పోయిన మాటలు చాలా ఉన్నాయి. అందుకని వంటిల్లు సర్దేసి కాగితాలు తెచ్చుకున్నాను.

గోదారికి ఎర్రనీరు వచ్చింది. నిన్న మీ నాన్నగారు రేవుకి వెళ్ళి పులస ధర అడిగి, ఖాళీ సంచితో వచ్చేశారు. పుస్తెలమ్మి తినాలన్న చేప కదా, అలాగే ఉంది ధర. మీ కలకత్తాలో దాన్నే ఇలిష్ అంటారు. సముద్రంలోంచి ఏటికి ఎదురీదే చేప అక్కడా ఇక్కడా ఒకటే. మనం చింతపండు పులుసులో బెండకాయలు వేసి, రాత్రి వండి మర్నాడు తింటాం. వాళ్ళు ఆవాలు ముద్ద నూరి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఖరగ్‌పూర్‌లో పక్క క్వార్టర్ బౌదీ, అంటే మన వదినగారు, నాకు నేర్పింది. అల్లుడుగారికి ముల్లు తియ్యడం రాదు, నువ్వే తీసి పెట్టు. తినే వేళకి ఇంట్లో ఉంటున్నారో లేదో మరి.

మీరు వెళ్ళిన మొదటి నెల నువ్వు స్టేటస్‌లో పెట్టిన ఫోటోలన్నీ మీ నాన్నగారి చేత దాయించాను. వానలో విక్టోరియా మెమోరియల్ ముందు ఒక్క గొడుగు కింద మీరిద్దరూ. 1921లో తెరిచిన ఆ పాలరాతి భవనం నేను చూసినప్పుడూ అలాగే తెల్లగా ఉంది. పార్క్ స్ట్రీట్‌లో చెలో కబాబ్, రెండు ప్లేట్లు, అన్నం మీద గుడ్డు, వెన్న. బిర్యానీలో అంత దుంప ఏమిటమ్మా అని అడిగావు కదా. 1856లో రాజ్యం పోయి లక్నో నుంచి కలకత్తాలో మటియాబురుజు చేరిన నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ళు మొదలుపెట్టారని చెప్పుకుంటారు. మనం బంగాళాదుంప అంటాం చూడు, ఆ పేరులోనే వాళ్ళ దేశం ఉంది.

హౌరా బ్రిడ్జి ఫోటో చూసి మీ నాన్నగారు గంటసేపు చెప్పారు. 1943 నాటిది, నట్టూ బోల్టూ లేకుండా అంతా రివెట్లతోనే కట్టారని. వర్క్‌షాపులో చేసిన మనిషి కదా, ఆ బ్రిడ్జి మాట వస్తే ఆగరు. హుగ్లీ నది కింద నుంచి పోయే మెట్రో 2024లో మొదలైంది, అది ఎక్కి ఎలా ఉందో చెప్పమన్నారు. ఎక్కారా? ఇద్దరూ ఎక్కారా?

తరవాత వచ్చిన ఫోటోలు కూడా చూశాను. ప్రిన్సెప్ ఘాట్ మెట్ల మీద ఒక్క మట్టి భాండం, సగం తాగిన టీ. కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో ఒక్క కప్పు, ఎదురుగా ఖాళీ కుర్చీ. కుర్చీ మీద నీ చేతిసంచి పెట్టావు. దక్షిణేశ్వరంలో నువ్వొక్కదానివే, ఎవర్నో అడిగి తీయించుకున్నట్టు వంకరగా వచ్చింది. ఆ తరవాత తొమ్మిది రోజులుగా ఏమీ లేవు. ఫోటోలు పెట్టి తీరాలని నేననను. అయితే కళ్ళు ఉన్నాక చూస్తాను కదమ్మా.

సత్యవతి పిన్ని మాట నేను పట్టించుకోను. మొన్న పేరంటానికి వచ్చి, అల్లుడుగారు నాలుగు రోజులుగా కూకట్‌పల్లిలో వాళ్ళన్నయ్య ఇంట్లో ఉన్నారని బుజ్జిగాడు చెప్పాడంది. ఆఫీసు పని మీద వెళ్ళారులే అని నేనే సర్దిచెప్పాను. పేరంటాళ్ళందరి ముందూ అన్నాను గనక అదే నిజం కావాలని అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను.

ఫుచ్కా, అదే పానీపూరీ, మాత్రం జాగ్రత్త. చింతపండు నీళ్ళలో ఏ నీళ్ళు కలుపుతారో తెలీదు, ఈ వానల్లో అసలొద్దు. నీ కడుపు సంగతి నాకు తెలుసు, పదో తరగతి పరీక్షలప్పుడు పడ్డ అవస్థ మర్చిపోలేదు. మిష్టి దోయి, ఆ తియ్య పెరుగు తిను, మట్టి ముంతలోదే తిను. బెల్లం సందేశ్‌కి మాత్రం చలికాలం దాకా ఆగాలి, కొత్త ఖర్జూరం బెల్లంతో అప్పుడు చేస్తారు. రోజూ బయట తినే ఇంట్లో పొయ్యి చల్లబడిపోతుంది. వారానికి రెండు మూడు రోజులైనా పప్పుచారు పెట్టుకోండి. నీతులు చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను.

మా సంగతొకటి చెబుతాను. నీకెప్పుడూ చెప్పలేదు, అక్కకీ తెలీదు.

1986, మాఘమాసం. పెళ్ళయి ఏడాది కాలేదు. ఖరగ్‌పూర్ మథురాకాటీలో క్వార్టరు, చుట్టూ తెలుగువాళ్ళే, గోల్‌బజార్‌లో కూరలవాడు కూడా తెలుగులోనే బేరమాడేవాడు. అందుకని నాకు బెంగాలీ ముక్క రాలేదు. ఆదివారం తెల్లారకుండా లోకల్ ఎక్కి కలకత్తా వెళ్ళాం. మ్యూజియం చూశాం. పులిహోర పొట్లం మైదానంలో తిన్నాం. తరవాత ఖిదిర్‌పూర్ వైపు ట్రాము ఎక్కి చెట్ల మధ్య నుంచి పోదామని ధర్మతలాకి వచ్చాం. ట్రాముకి రెండు పెట్టెలు. ముందుది ఫస్టు క్లాసు, ఫ్యాన్లు ఉంటాయి, నాలుగు పైసలు ఎక్కువ. వెనకది మామూలుది. ట్రాము ఇంకా ఆగకుండానే మీ నాన్నగారు ముందు పెట్టెలోకి ఎగిరి ఎక్కేశారు. నాకు చీర అడ్డం. జనం తోస్తే వెనక పెట్టెలో పడ్డాను. ఒకే ట్రాములో ఉన్నాం. ఆయనకి అది తెలీదు.

వెనక్కి తిరిగి చూస్తే నేను లేను. తరవాతి స్టాపులో దూకేసి ధర్మతలాకి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన దిగడం నేను చూడలేదు. ముందు పెట్టెలోనే ఉన్నారనుకుని కిటికీలోంచి పచ్చగడ్డి చూస్తూ ఖిదిర్‌పూర్ దాకా వెళ్ళిపోయాను. అక్కడ అందరూ దిగిపోయారు. ముందు పెట్టె ఖాళీ. నా దగ్గర డబ్బుల్లేవు, భాష లేదు. తోలు సంచి కండక్టరు ఏదో అడిగాడు, నేను "ధర్మతలా, ధర్మతలా" అన్నాను. ఆ పెద్దాయన నన్ను ఆడవాళ్ళ సీట్లో కూర్చోబెట్టి, టికెట్ అడక్కుండా అదే ట్రాములో తిరిగి తీసుకొచ్చాడు. మీ నాన్నగారు పట్టాల పక్కన నిలబడి ఉన్నారు. చొక్కా తడిసి ముద్దయింది. దిగగానే నా చెయ్యి పట్టుకుంటారనుకున్నాను. "కళ్ళు నెత్తికెక్కాయా" అన్నారు, అంతమందిలో.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. అన్నం పెడితే తినేవారు, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళేవారు. ఆ మధ్యలోనే మీ అమ్మమ్మకి ఉత్తరం రాశాను. మ్యూజియం చూశాం, రసగుల్లా తిన్నాం, ట్రాము ఎక్కాం అని రెండు పేజీలు నింపాను. వారంలో జవాబు వచ్చింది. చదువు రాని మనిషి, కరణంగారమ్మాయి చేత రాయించింది. "చూసినవన్నీ రాశావు, తిన్నవన్నీ రాశావు, అబ్బాయి ఏమన్నాడో ఒక్క ముక్క రాయలేదు, ఏం జరిగిందే?" అని ఉంది. ఆ కార్డు పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రే కరెంటు పోయింది. అప్పట్లో బెంగాల్లో లోడ్ షెడ్డింగ్ రోజూ ఉండేది. గుమ్మంలో చీకట్లో చెరో వైపు కూర్చున్నాం. మొహం కనిపించకపోవడం మంచిదయింది. ఆయనే అన్నారు: "ఆ గంటసేపు మీ నాన్నకి ఏం చెప్పాలో తెలీక, హౌరా వెళ్ళి రైలు కింద పడదామనుకున్నాను." అంత భయపడ్డ మనిషి తిట్లు తప్ప ఇంకేం చెయ్యగలరు? నాకది పదకొండు రోజులు తట్టలేదు. ఆయనా చెప్పలేదు. ఆ పదకొండు రోజుల మీద నాకిప్పటికీ దిగులే.

ఇప్పుడు ట్రాములు తీసేస్తున్నారటగా, ధర్మతలాకీ మైదానానికీ మధ్య ఆ ఒక్క ముక్కే ఉంచుతామని 2024లో చెప్పారు. ఇంకా నడుస్తుంటే ఎక్కండి. ఇద్దరూ ఒకే పెట్టెలో ఎక్కండి.

అమ్ములూ, తప్పు నీదైనా అల్లుడుగారిదైనా నాకు తేడా లేదు. ఆయన హైదరాబాదు ఎందుకు వెళ్ళారో నువ్వే చెప్పు, బుజ్జిగాడి నోట వద్దు. నువ్వు ఒక్కదానివే ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉంటున్నావేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. తలుపు గడియ రెండూ వేస్తున్నావా? ఉండలేకపోతే చెప్పు, కోరమాండల్ మన ఊరి మీదుగానే పోతుంది, ఒక్క రాత్రి ప్రయాణం. మేమే వస్తాం. మీ నాన్నగారు అప్పుడే మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు.

పార్సిల్ వేరే పంపాను. గోంగూర సీసా, కందిపొడి, సున్నుండలు. సున్నుండలు రెండు డబ్బాల్లో పెట్టాను, నెయ్యి ఎక్కువ వేసింది అల్లుడుగారిది, అది విప్పకు. ఆయన వచ్చాక ఇవ్వు. గోంగూరలో తడి చెంచా పెట్టకు.

ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి. అప్పుడు మీ నాన్నగారు పడుకుంటారు. నేను పెరట్లోకి వెళ్ళి మాట్లాడతాను.

ఇట్లు,
మీ అమ్మ