నెలకు 600 డాలర్ల జీతం, రిటైరైన టీచరు పోటీ

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే మీ పత్రిక పేజీలకు పేజీలు వేస్తుంది, మేమూ ఒక్క అక్షరం వదలకుండా చదువుతాం. ఇక్కడి రాష్ట్ర శాసనసభల గురించి మాత్రం నాలుగు ముక్కలు కూడా కనబడవు. మా పిల్లల బడి, మా ఇంటి పన్ను, మా ఊరి రోడ్డు తేలేది ఎక్కువగా అక్కడే. అందుకే ఈ ఉత్తరం.

డల్లాస్‌కు ఉత్తరాన మేముండే నియోజకవర్గంలో టెక్సస్ ప్రతినిధుల సభకు ఈసారి ఒక రిటైర్డ్ టీచరమ్మ పోటీ చేస్తున్నారు. చిన్న వయసులోనే సైన్యంలో చేరి ట్రక్కులు బాగుచేసే పని చేశారు. బయటికొచ్చాక చదువుకుని, మిడిల్ స్కూల్లో లెక్కల టీచరుగా స్థిరపడ్డారు. మన తెలుగువాళ్ల మధ్య ఆవిడ ప్రస్తావన వస్తే రెండు రకాల మాటలు వింటున్నాను. "ఈ వయసులో కృష్ణా రామా అనుకోక ఎన్నికల గొడవ ఎందుకు ఆవిడకి?" అనేది ఒకటి. "సైన్యంలో చేశారు, టీచరుగా చేశారు, ఇంకేం కావాలి, కళ్లు మూసుకుని వేసేయొచ్చు" అనేది రెండోది. ఈ రెండూ నాకు మింగుడుపడలేదు.

ముందు వయసు సంగతి చూద్దాం. టెక్సస్ శాసనసభ్యుల జీతం నెలకు 600 డాలర్లు, అంటే ఏడాదికి 7,200. 1975 నుంచి ఇంతే. సమావేశాలు జరిగే రోజుల్లో రోజుకు 200 డాలర్ల పైచిలుకు భత్యం ఇస్తారు గానీ, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో గది అద్దెకు, తిండికి దాంట్లో చాలా భాగం పోతుంది. రెండేళ్లకోసారి, బేసి సంఖ్య ఏడాదిలో, 140 రోజుల పాటు సభ నడుస్తుంది. 2025లో జనవరి 14న మొదలై జూన్ 2న ముగిసింది. బళ్లలో పాఠాలు, పరీక్షలు ముమ్మరంగా సాగే రోజులు కూడా సరిగ్గా అవే. ఉద్యోగంలో ఉన్న ఏ టీచరు ఐదు నెలలు తరగతి వదిలేసి ఆస్టిన్ వెళ్లగలరు? వెళ్తే ఇల్లు గడిచేదెలా? దానికి తోడు గవర్నరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు ముప్పై రోజుల ప్రత్యేక సమావేశాలకు పరుగెత్తాలి. 2023లో అలాంటివి నాలుగు జరిగాయి.

కాబట్టి ఆ సభలో కూర్చోగలిగేది ఎవరు? సొంత లా ఆఫీసు ఉన్నవాళ్లు, వ్యాపారం ఎవరికైనా అప్పగించి రాగలిగినవాళ్లు, ఆస్తిపాస్తులున్నవాళ్లు. వాళ్లంతా చెడ్డవాళ్లని అనడం లేదు. కానీ ముప్పై మంది పిల్లల మధ్య నిలబడి రోజంతా పాఠం చెప్పే మనిషి ఆ సభకు రావాలంటే రిటైరయ్యేదాకా ఆగాల్సిందే. "ఈ వయసులో ఎందుకు" అని ఆవిడను అడిగేవాళ్లు, ఇంతకు ముందు వచ్చే దారి ఎక్కడుందో కూడా చెప్పాలి. పింఛను వస్తున్నందుకే ఇవాళ ఆవిడ ఈ సాహసం చేయగలుగుతున్నారు.

అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. న్యూయార్క్‌లో 2023 నుంచి శాసనసభ్యుడి జీతం ఏడాదికి 1,42,000 డాలర్లు. ఇంకో కొసన న్యూ హాంప్‌షైర్ ఉంది. ఆ చిన్న రాష్ట్రంలో దిగువ సభకు 400 మంది సభ్యులు, ఒక్కొక్కరికి ఏడాదికి 100 డాలర్లు. ప్రజాసేవకు జీతమేమిటి, డబ్బు ఆశించని వాళ్లే రావాలి అని వాదించేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ డబ్బు ఆశించకుండా బతకగలిగేది డబ్బున్నవాళ్లే కదా! టెక్సస్‌లో ఈ జీతం పెంచాలంటే చివరికి ఓటర్లు ఒప్పుకోవాలి. రాజకీయ నాయకుల జీతం పెంచుదామా అని అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, నాకూ మొదట అలాగే ఉంటుంది. అయినా ఈ ఒక్క విషయంలో కోపం పక్కనపెట్టి ఆలోచించాలని నా మనవి. టీచర్లు, నర్సులు, బస్సు నడిపేవాళ్లు నలభై ఏళ్ల వయసులోనే సభలో కూర్చోవాలంటే వేరే దారి లేదు.

ఇక రెండో మాట, కళ్లు మూసుకుని వేసేయడం. సైన్యంలో పనిచేసినవాళ్లంటే ఈ దేశంలో ఎంతో గౌరవం, ఉండాలి కూడా. అయితే ఆ గౌరవాన్ని ఓటుగా మార్చుకోవడం తేలికని అన్ని పార్టీలకూ తెలుసు. సర్వీసులో ఉన్నవాళ్లు ఎన్నికల్లో నిలబడకూడదని, మాజీలు యూనిఫాం ఫొటో వాడుకుంటే దానికి రక్షణ శాఖ మద్దతు ఉన్నట్టు కాదని స్పష్టంగా రాయాలని ఆ శాఖ నిబంధన పెట్టింది ఇందుకే. మా టీచరమ్మ కరపత్రంలో ఆ వాక్యం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. యూనిఫాం ఫొటో కూడా ఒక్కటే, అదీ లోపలి పేజీలో. నాకు అది నచ్చింది. కానీ అంతమాత్రాన ఓటు వేయాలని నిర్ణయించుకోలేదు.

నా మనసు మొగ్గింది మా లైబ్రరీలో జరిగిన చిన్న సమావేశంలో. పాతికమంది కూడా లేరు. ఆవిడ చేతిలో మా ప్రాంతం బళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్ ప్రింటు ఉంది, మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలే. మన తెలుగాయన ఒకరు తన ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి, "ఇందులో స్కూలు వాటాయే అన్నిటికంటే ఎక్కువ, మరి మా పక్క స్కూలు ఎందుకు మూసేస్తున్నారు?" అని సూటిగా అడిగారు. ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ బిల్లు పక్కన తన కాగితం పెట్టి, ఒక్కో వరుసా వేలితో చూపిస్తూ చెప్పారు. బళ్లకిచ్చే డబ్బుకు రాష్ట్రం ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఆరేళ్లలో ధరలన్నీ పెరిగాయి. 2025లో శాసనసభ పాఠశాలలకు సుమారు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చినా, ఈ మూల మొత్తం పెరిగింది 55 డాలర్లే. మిగతాది జీతాలకని, ఇంకో పనికని ముందే పద్దు రాసి ఇచ్చారు. పైగా ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత సొమ్మును రాష్ట్రం తీసుకునే పద్ధతి 1993 నుంచి ఉంది. 2025లోనే ప్రైవేటు స్కూలు ఫీజులకు సాయం చేసే పథకానికి 100 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అని ఎవరో అడిగితే, తను ఎందుకు వ్యతిరేకమో చెప్పి, దాన్ని కోరుకునే తల్లిదండ్రుల బాధ ఏమిటో కూడా చెప్పారు. తెలియని ప్రశ్న ఒకటొస్తే నీళ్లు నమలకుండా "తెలుసుకుని మెయిల్ చేస్తాను" అన్నారు. రెండు రోజుల్లో మెయిల్ వచ్చింది.

ఆ పూట నాకు అర్థమైంది ఇదీ: ఆవిడ గతం ఆవిడకు పతకం లాంటిది కాదు, పనిలో అనుభవం. మాజీ సైనికులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో 150 క్రెడిట్ గంటల దాకా ట్యూషన్ ఫీజు మినహాయించే హేజిల్‌వుడ్ చట్టం రాష్ట్రానిదే. నూటికి నూరు శాతం వైకల్యం వచ్చిన సైనికుడి ఇంటికి ఆస్తి పన్ను పూర్తిగా తీసేసిందీ రాష్ట్రమే. రిటైర్డ్ టీచర్ల పింఛను ఇక్కడ ధరలతో పాటు దానంతట అది పెరగదు. శాసనసభ తలచుకోవాలి. 2023లో అలా తలచుకుని, నవంబరులో ఓటర్ల ముందు పెడితే భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. ఈ మూడింటిలోనూ దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో, ఏ కాగితం దగ్గర ముసలివాళ్లు ఇబ్బంది పడతారో తెలిసిన మనిషి సభలో ఒకరుంటే చట్టం రాసేటప్పుడే ఆ చిక్కు తీరుతుంది.

దీనికి పాత ఉదాహరణ కూడా టెక్సస్‌లోనే ఉంది. లిండన్ జాన్సన్ 1928లో కొటుల్లా అనే ఊళ్లో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పారు, రెండో ప్రపంచ యుద్ధంలో కొంతకాలం నేవీలో పనిచేశారు. అధ్యక్షుడయ్యాక 1965 ఏప్రిల్‌లో, పేద పిల్లల బళ్లకు కేంద్రం డబ్బు అందించే చట్టం మీద తన చిన్ననాటి బడి దగ్గరే సంతకం చేశారు, తనకు తొలి అక్షరాలు నేర్పిన టీచరును పక్కన కూర్చోబెట్టుకుని. వియత్నాం విషయంలో ఆయన్ను ఎంత తిట్టినా తిట్టొచ్చు. ఆ చట్టం మాత్రం కొటుల్లా పిల్లల్ని చూసిన మనిషి చేసిందే. మన వైపు నుంచి చూస్తే, హైదరాబాద్‌లో పుట్టిన ఘజాలా హష్మీ దాదాపు ముప్పై ఏళ్లు కాలేజీల్లో పనిచేశాకే 2019లో వర్జీనియా సెనేట్‌కు గెలిచారు. 2025 నవంబరులో అక్కడే లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నరు తర్వాతి పదవికి, ఎన్నికయ్యారు.

మన వాళ్లతో ఒక చిక్కుంది, అది చెప్పకుండా ఉండలేను. పౌరసత్వం వచ్చినవాళ్లం ఓటుకు వెళ్తాం, పైన ఉన్న పెద్ద పేర్లకు వేస్తాం, కిందికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. గతంలో టెక్సస్‌లో ఒక్క మీట నొక్కితే పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడేది. 2020 నుంచి ఆ సదుపాయం తీసేశారు. ఇప్పుడు ఒక్కో పదవికీ విడిగా ఎంచుకోవాలి. 2026 నవంబరు 3న సెనేటరు, గవర్నరు దగ్గరే ఆగిపోతే ప్రతినిధుల సభ వరుస ఖాళీగా మిగిలిపోతుంది. ఒక్కో ప్రతినిధి వెనక సగటున 1,94,000 మంది జనం ఉంటారు, ఓటు వేసేది అందులో కొంతమందే. కొన్ని వందల తెలుగు ఇళ్లు ఆ వరుస దాకా వస్తే అభ్యర్థులు మన గుమ్మం ముందుకు రాక తప్పదు.

మీకు నాదొక విన్నపం. వచ్చే నెలల్లో మీ అమెరికా పేజీలో కాస్త చోటు కేటాయించి, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నియోజకవర్గాల అభ్యర్థులందరినీ, ఏ పార్టీ వారైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి: ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం ఎంత ఉండాలంటారు, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు, శాసనసభ్యుల జీతం పెంచే ప్రతిపాదన వస్తే మీరు ఎటు? జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయండి. జవాబు ఇవ్వనివాళ్ల పేర్లు కూడా వేయండి. మా టీచరమ్మకూ ఇవే ప్రశ్నలు పంపండి, ఆవిడకు మినహాయింపు అక్కర్లేదు.

ఇట్లు,
ఉత్తర టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు