మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసిన వారికి కృతజ్ఞతలు

మా వారికి చికిత్స పూర్తయి, నెల తరవాత తీసిన స్కాన్‌లో కాలేయ క్యాన్సర్ గడ్డ ఆనవాలు మిగలలేదని వైద్యులు చెప్పేదాకా ఈ మాటలు రాయకూడదని ఆగాను. ఇప్పుడు రాస్తున్నాను. మాకు సాయపడిన వారిలో చాలామంది తాము చేసింది ఒక సాయమని కూడా అనుకోలేదు కనుక, ఎవరు ఏం చేశారో, అది ఎందుకంత విలువైనదో వివరంగా చెప్పడమే నాకు తెలిసిన కృతజ్ఞత. వారి అనుమతి అడగలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు.

మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా వారికి కొబ్బరి తోట ఉంది, వయసు 57. 2011లో హెర్నియా ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షల్లో "ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్" అని వచ్చింది. అంటే కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్ జబ్బు అని, మా అత్తగారు కడుపులో నీరు చేరి పోవడానికి కూడా బహుశా ఇదే కారణమై ఉంటుందని, పుట్టుకతోనే తల్లి నుంచి బిడ్డకు వచ్చి ఉంటుందని అప్పుడు తెలిసింది. నాకూ పిల్లలిద్దరికీ పరీక్ష చేయిస్తే లేదని తేలింది. ఆ వారమే మొదలుపెట్టి ఆరు నెలల్లో మూడు డోసుల టీకా వేయించుకున్నాము. ఆ టీకా మాబోటి వాళ్లకు అందుబాటు ధరలో దొరికిందంటే, 1997లో షాన్‌వాక్-బిని దేశంలోనే తయారుచేసి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి చలవ అందులో ఉంది. వైరస్‌ను అణచడానికి మా వారు వాడుతున్న టెనోఫోవిర్ మాత్రలు 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అందుతున్నాయి. నెలనెలా గుర్తుచేసి, నేను బడికి వెళ్లిన రోజున మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చిన మా ఊరి ఆశా కార్యకర్తకు మొదటి నమస్కారం.

ఇలాంటి రోగులు ఆరు నెలలకొకసారి కడుపు స్కానింగు, దానితోపాటు ఏ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఏ.ఎఫ్.పి. అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. తల్లి కడుపులో ఉన్న శిశువు కాలేయం తయారుచేసే మాంసకృత్తు ఇది. పుట్టాక దాదాపు కనుమరుగవుతుంది, కాలేయంలో క్యాన్సర్ కణాలు పుడితే మళ్లీ కనిపించవచ్చు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే అనుమానించడం వాడుకలో ఉన్న పద్ధతి. మా వారి సంఖ్య ఎప్పుడూ ఆ గీత దాటలేదు. స్కానింగులోనూ ఏమీ కనిపించలేదు. 20 లోపు ఉంది, ఫరవాలేదని ఒకచోట చెప్పారు, మేమూ నిశ్చింతగా ఉన్నాము. మా అమ్మాయి పురిటి పనుల్లో పడి, ఆరు నెలలకు చేయించవలసిన పరీక్షను తొమ్మిది నెలలకు చేయించాము. ఆ మూడు నెలల ఆలస్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ రోజు రాజోలు ల్యాబులో కూర్చున్న అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. రిపోర్టు చేతికిస్తూ, "మేడం గారూ, పాతవి ఏమన్నా ఉన్నాయాండి?" అని అడిగాడు. సంచిలో ఉన్న ఫైలు ఇచ్చాను. అందులోంచి రెండు కాగితాలు తీసి, కొత్తదానితో కలిపి స్టీలు బల్ల మీద వరసగా పరిచాడు. ఫ్యాను గాలికి లేస్తుంటే పరీక్ష గొట్టాల స్టాండు ఒక అంచున బరువు పెట్టి, ఒక్కొక్క కాగితం మీద ఏ.ఎఫ్.పి. అంకె కింద నీలం పెన్నుతో గీత గీశాడు. మొదటిది 5.2, రెండోది 8.7, మూడోది 13.9. ఏ ఒక్కదాని పక్కనా హెచ్చరిక గుర్తు లేదు. "దేనికది చూస్తే నార్మలేనండి. కానీ పెరుగుతూ వస్తోందండి. నేను డాక్టర్ని కాదండి, ఒక్కసారి కాకినాడలో పెద్ద డాక్టరు గారికి మూడూ కలిపి చూపించండి" అన్నాడు. వెనక వరసలో పదిమంది నిలబడి ఉన్నారు. అడగడం అతని పని కాదు, అడగకపోయినా తప్పుపట్టే వారూ లేరు. బాబూ, నీకు మా కుటుంబమంతా ఋణపడి ఉంది.

కాకినాడ వైద్యులు గారు ఆ మూడు కాగితాలు చూసి చెప్పిన సంగతి నా మనసులో అలాగే ఉంది. కాలేయం వాచి ఉన్నప్పుడు, వైరస్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు క్యాన్సర్ లేకపోయినా ఏ.ఎఫ్.పి. పెరుగుతుంది, అందువల్ల ఆ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. అయితే మాత్రలు సక్రమంగా వాడుతూ, వైరస్ రక్తంలో కనబడనంతగా అణగి, కాలేయం వాపును చెప్పే ఎస్.జి.పి.టి. అనే రక్తపరీక్ష మామూలుగా ఉన్న మనిషిలో ఈ సంఖ్య తగ్గాలి, లేదా నిలకడగా ఉండాలి. పెరగడానికి వాపు అనే సాకు లేదు. అందుకే 20 దాటలేదన్న ఊరట ఇక్కడ చెల్లదని ఆయన అన్నారు. ఆ తరవాత మందుల చీటీ వెనక ఒక చిన్న లెక్క వేశారు. పేజ్-బి అంటారట. చికిత్సలో ఉన్న హెపటైటిస్-బి రోగులకు వయసు, స్త్రీ పురుష భేదం, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ మూడింటితోనే ముప్పును అంచనా కడతారు. యాభైలలో వయసుకు 6, పురుషుడైనందుకు 6, ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలే ఉన్నందుకు 6, కలిపితే 18. తొమ్మిది, అంతకు తక్కువైతే ముప్పు తక్కువ, 18 నుంచి ఎక్కువ. ప్లేట్‌లెట్లకూ కాలేయానికీ సంబంధమేమిటని అడిగాను. కాలేయం గట్టిపడితే దానిలోకి వెళ్లవలసిన రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుందని, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుందని, అందుచేత అయిదారు సంవత్సరాలుగా మెల్లగా తగ్గుతున్న ప్లేట్‌లెట్లు కూడా ఒక కబురేనని ఓపికగా చెప్పారు. డెంగీ వస్తే తప్ప ఆ అంకె వైపు మేమెన్నడూ చూడలేదు.

ఆయన మరో రెండు పరీక్షలు రాశారు. ఒకటి పివ్కా-2. రక్తం గడ్డకట్టడానికి కాలేయం ప్రోత్రాంబిన్ అనే పదార్థాన్ని విటమిన్-కె సాయంతో పూర్తిచేసి పంపుతుంది. క్యాన్సర్ కణాలు దానిని సగం పనితోనే రక్తంలోకి వదిలేస్తాయి, ఆ అసంపూర్ణ పదార్థాన్నే ఇక్కడ కొలుస్తారు. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందు వాడేవారిలో ఉత్తపుణ్యానికే పెరుగుతుంది కనుక, రక్తం తీసేముందే ఆ సంగతి అడిగారు. రెండోది ఏ.ఎఫ్.పి.-ఎల్3, అంటే మొత్తం ఏ.ఎఫ్.పి.లో క్యాన్సర్ వైపు మొగ్గు చూపించే రకం ఎంత శాతం ఉందో చెప్పేది. ఆ రకాన్ని విడదీయడానికి వాడేది మనం వండుకునే మైసూరుపప్పు గింజలో దొరికే ఒక మాంసకృత్తు అని విని నేను ఆశ్చర్యపోయాను. మా వారి పివ్కా 40 లోపు ఉండవలసింది 96 వచ్చింది. ఎల్3 పది శాతం దాటింది. రక్తపరీక్ష ముప్పును సూచిస్తుందే గాని గడ్డ ఎక్కడుందో చూపదు, వెంటనే ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు.

అది గోదావరి పోటు మీద ఉన్న శ్రావణం. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మా లంకకు వచ్చే కాజ్‌వే మునిగిపోయింది. వరద తీశాక వెళదాములే అని మా వారు అన్నారు. మా పక్కింటి తమ్ముడు తెల్లవారుజామున నాటు పడవ తెచ్చి గుమ్మం ముందు కట్టి, "అక్కా, ఫైలు కవరులో చుట్టు, బావగారిని బయల్దేరదియ్యి" అన్నాడు. ఎర్రనీళ్ల మీద అరటి చెట్లు కొట్టుకు వస్తుంటే గెడతో పక్కకు తోస్తూ మమ్మల్ని గట్టెక్కించాడు. గట్టు మీద మా స్కూలు పూర్వ విద్యార్థి ఒకడు కారుతో సిద్ధంగా ఉన్నాడు. అమలాపురం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా మధ్యాహ్నానికి కాకినాడ చేరాము. పడవకు గాని, కారు డీజిలుకు గాని ఒక్క రూపాయి పుచ్చుకోలేదు.

ఎం.ఆర్.ఐ.లో కాలేయం పైభాగాన, ఊపిరితిత్తుల కిందికి నక్కి, 1.9 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. మామూలు స్కానింగు యంత్రానికి ఆ మూల సరిగా అందదట, ముందు చూసిన వారిని నేను నిందించను. రంగు మందు ఎక్కించగానే ధమనుల దశలో మెరిసి, తరవాతి దశలో చుట్టూ ఉన్న కాలేయం కన్నా వెలవెలబోవడం కాలేయ క్యాన్సర్ లక్షణమని, ముక్క తీసి చూడనక్కరలేదని వైద్యులు చెప్పారు. విశాఖపట్నంలో సూది గుచ్చి వేడితో గడ్డను మాడ్చే చికిత్స చేశారు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డకు ఇది బాగా పనిచేస్తుంది. ఆలస్యమై గడ్డ పెరిగి, రక్తనాళంలోకి పాకి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. ఆ ఖర్చులో మా ప్రభుత్వ పాఠశాల పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి పంపిన సొమ్ముకు లెక్క రాసి ఉంచాను. అది అప్పే, తిరిగి ఇస్తాను, దయచేసి వద్దనకండి.

ఇప్పుడు మా వారి పివ్కా 22, ఏ.ఎఫ్.పి. 4.1. చుట్టుపక్కల చాలామంది ఇంటికి వచ్చి అడుగుతున్నారు గనుక ఒక మాట చెబుతాను. మా వారికి కామెర్లు లేవు, నీరసం లేదు, ఆకలి తగ్గలేదు. చికిత్స నాటి ఉదయం కూడా తోటలో కొబ్బరికాయల దింపు పని ఎలా జరుగుతోందో ఫోను చేసి కనుక్కున్నారు. హెపటైటిస్-బి వైరస్ తన జన్యువును మన కణాల్లోనే ఇరికిస్తుంది కాబట్టి, కాలేయం గట్టిపడని వారికీ ఈ క్యాన్సర్ వచ్చే వీలుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే పాత రిపోర్టులను చిత్తుకాగితాల్లో వేయకండి. ఒకే ల్యాబులో చేయించండి, తేదీల వారీగా గుచ్చి ఉంచండి.

మొన్న ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని ఆ ల్యాబుకు వెళ్లాము. అబ్బాయి మొహమాటపడి, పెట్టెను పక్కన పెట్టి, ముందు ఫైలు అడిగాడు. నాలుగో కాగితాన్ని వరసలో చేర్చి, దాని కింద కూడా గీత గీశాడు. వచ్చే పరీక్ష మూడు నెలలకు. ఈసారి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయము.